హొర్వాత్ అంటే క్రొయేషియావాడేనా?

ఉక్రెయిన్ యుద్ధం మీద తెలుగులో వచ్చే యూట్యూబ్ విశ్లేషణలు నేను తరచూ చూస్తుంటాను. వాటిలో కొన్ని నిజంగా కష్టపడి చేసినవి. ఈ మధ్య చూసిన ఒకదాంట్లో మాత్రం ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఉక్రేనియన్లు అనే జాతే లేదని చెప్పడానికి ఆయన చూపించిన ఆధారం అక్కడి నాయకుల ఇంటిపేర్లు. 2014లో తాత్కాలిక అధ్యక్షుడిగా ఉన్నది తుర్చినోవ్, అంటే తుర్కీవాడు. పార్లమెంటుకు రెండుసార్లు స్పీకర్‌గా చేసింది లిత్విన్, అంటే లిథువేనియావాడు. రాడికల్ పార్టీ నాయకుడు ల్యాష్కో, అంటే పోలండువాడు. "మరి ఇందులో ఉక్రెయిన్‌వాడు ఎవడండీ?" అని అడిగి ముగించాడు. కింద కామెంట్లలో ఎక్కువ భాగం మెచ్చుకోళ్లే.

ఆ పేర్లకు ఆయన చెప్పిన అర్థాల్లో తప్పు లేదు. తుర్చినోవ్‌లో ఉన్నది తుర్కే, ల్యాష్కోలో ఉన్నది పోలండువాళ్లను పాతకాలంలో పిలిచిన 'ల్యాఖ్' అన్న మాటే. తప్పంతా ఆ అర్థాల నుంచి ఆయన తీసిన తీర్పులో ఉంది. జాతి పేరు మీద పుట్టిన స్లావిక్ (రష్యన్, ఉక్రేనియన్, పోలిష్, చెక్ లాంటి భాషల) ఇంటిపేరును రక్తానికి సాక్ష్యంగా వాడకూడదని నా అభిప్రాయం. ఆ పేరు పెట్టినవాళ్లు ఎవరు, ఎక్కడ ఉండి పెట్టారు అన్నది తెలియకుండా దాన్నుంచి ఏమీ తేల్చలేం. దేశాలు కొట్టుకుంటున్న రోజుల్లో, ఇంటిపేరు చూసి 'వీడు మనవాడా, పరాయివాడా' అని లెక్క తీయడం ఇంకా ప్రమాదం.

ఈ రకం వాదన మనకు ఎందుకంత సులువుగా ఎక్కేస్తుందో ఊహించగలను. పెళ్లిళ్లలో పక్కన కూర్చున్న పెద్దాయన "మీ ఇంటిపేరేంటి బాబూ?" అని అడిగితే ఆయనకు కావలసింది ఇంటిపేరు కాదని అందరికీ తెలుసు. ఇంటిపేరు వింటే మనిషి గుట్టు చిక్కినట్టేనన్న నమ్మకం మనకు చిన్నప్పుడే పట్టుకుంటుంది. అదే నమ్మకంతో ద్నీపర్ నది ఒడ్డున ఉన్నవాళ్ల పేర్లు చదివితే దారి తప్పుతాం.

సొంత ఊళ్లో ఎవరూ అలా పిలవరు

కాశీలో త్రైలింగస్వామి కథ మనలో చాలామందికి తెలుసు. విజయనగరం ప్రాంతంలో పుట్టిన ఆ సన్యాసి 1887లో కాశీలోనే సిద్ధి పొందారు. ఆయన్ని అక్కడివాళ్లు తైలంగస్వామి అన్నారు, అంటే తెలుగుదేశపు స్వామి అని. విజయనగరంలోనే ఉండిపోయి ఉంటే ఆయనకు ఆ పేరు వచ్చేదే కాదు. ఊరంతా తెలుగువాళ్లే అయినప్పుడు ఒకరిని 'తెలుగాయన' అని పిలిస్తే ఎవరిని పిలిచినట్టు?

స్లావిక్ దేశాల్లో ఈ ఇంటిపేర్లలో ఎక్కువ భాగం పుట్టింది ఈ పద్ధతిలోనే. పోలండులో వందమంది పోలండువాళ్ల మధ్య 'పోలాక్' అన్న పేరుకు పనిలేదు. చెక్ పల్లెలోనో ఉక్రెయిన్ పల్లెలోనో ఒకే ఒక్కడు ఉంటే ఆ పేరు అతికిపోతుంది. అంటే ఆ పేరు పుట్టేనాటికే ఆ మనిషి తనవాళ్లను వదిలి వచ్చేశాడు. ఇక్కడి పిల్లనే చేసుకుని, ఇక్కడి భాషే మాట్లాడే పిల్లల్ని కన్నాడు. రెండు తరాలు తిరిగేసరికి పేరు తప్ప పోలండుతనం ఏమీ మిగలదు. 'పొల్యాకోవ్' అని కనబడితే నాకు తోచేది, ఆ కుటుంబం చాలాకాలంగా పోలండుకు బయట ఉంటోందని. అది కూడా తోచడం వరకే. రష్యాలో బ్యాంకులు, రైలుమార్గాలతో పేరు మోసిన పొల్యాకోవ్‌లు యూదులు.

1649లో పోలండు రాజుతో కుదిరిన జ్బోరివ్ ఒప్పందం తర్వాత తయారైన జపరోజియా కొసాక్కుల, అంటే ఉక్రెయిన్ మైదానాల్లోని యోధుల, జాబితా ఒకటి ఉంది. 40 వేల మంది పేర్లు అందులో ఎక్కాయి. లిత్విన్‌లు, వొలోషిన్‌లు, ల్యాఖ్‌లు, మొస్కాల్‌లు, తాతారిన్‌లు, తుర్చిన్‌లు, సెర్బిన్‌లు అందులో కనబడతారు. పటాలం లెక్కలు రాసే గుమస్తా ముందుకు వచ్చి నిలబడినవాడిని 'నువ్వెవరు?' అంటే, తోటివాళ్లు ఏమని పిలుస్తారో అదే చెప్పాడు, గుమస్తా అదే రాసుకున్నాడు. వీళ్లందరూ ఒకే సైన్యం, ఒకే కూడు, ఒకే చర్చి. అందులోని తుర్చిన్ తుర్కీలో పుట్టి బాప్తిస్మం తీసుకున్నవాడు కావచ్చు. తుర్కుల చెరలో ఏళ్ల తరబడి ఉండి తప్పించుకొచ్చిన పక్కఊరి కుర్రాడూ కావచ్చు. నల్లసముద్రం ఒడ్డున ఆ రోజుల్లో చెరపట్టడం, విడిపించుకోవడం రోజువారీ వ్యవహారం. ఈ ఇద్దరిలో తుర్చినోవ్ తాత ఎవరో ఇంటిపేరు చెప్పదు. చెప్పినా, 370 ఏళ్ల తర్వాత అతని మునిమనవడు ఏ దేశంవాడో తేల్చడానికి అది పనికిరాదు.

వీటికి తోడు ముద్దుపేర్లు. పాత రష్యాలో చర్చి పెట్టిన పేరు ఒకటి, ఇంట్లో వీధిలో పిలిచే పేరు ఇంకొకటి. నల్లగా ఉన్న పిల్లాడిని 'త్సిగాన్' అనేవాళ్లు, అంటే జిప్సీ అని. అతని పిల్లలు త్సిగానోవ్‌లు. రష్యాలో చాలామంది రైతులకు కాగితాల మీద నిలకడైన ఇంటిపేరు వచ్చిందే 1861లో భూస్వాముల కింద నుంచి విముక్తి దొరికాక. అప్పటి అధికారి ఆ వీధిపేరునే ఇంటిపేరుగా రాసేసి ఉంటే, ఇవాళ ఒక మనవరాలు తనలో జిప్సీ రక్తం ఉందని మురిసిపోతూ ఉండవచ్చు, లేదా దాచుకుంటూ ఉండవచ్చు.

పేరు ఒకటే, మనుషులు పదిరకాలు

అసలు ఈ జాతి పేర్లు అప్పట్లో ఇవాళ్టి పాస్‌పోర్టు అర్థంలో లేవు. ఇక్కడే అందరం బోల్తా పడతాం.

రష్యా ప్రతిపక్ష నాయకుడు బోరిస్ నెమ్‌త్సోవ్‌ను 2015 ఫిబ్రవరి 27 రాత్రి క్రెమ్లిన్ పక్కనే వంతెన మీద కాల్చి చంపారు. 'నెమెత్స్' అంటే ఇవాళ్టి రష్యన్‌లో జర్మన్. అయితే 17వ శతాబ్దపు మాస్కోలో పడమటి నుంచి వచ్చిన ప్రతివాడూ నెమెత్సే. మన భాష రానివాడు, మూగవాడితో సమానం అన్న భావన నుంచి పుట్టిన మాట అది. 1652లో జార్ ఉత్తర్వుతో విదేశీయులందరినీ మాస్కో బయట ఒక పేటకు తరలించారు. దాని పేరు నెమెత్స్కయ స్లొబొద. ఆ పేటలో డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు, స్కాట్లండువాళ్లు, జర్మన్లు అందరూ ఉండేవాళ్లు. యువకుడైన పీటర్ చక్రవర్తికి అక్కడ దొరికిన ఇద్దరు ఆప్తమిత్రుల్లో పాట్రిక్ గోర్డన్ స్కాట్లండువాడు, ఫ్రాంజ్ లెఫోర్ట్ జెనీవావాడు. ఇద్దరూ వీధివాళ్ల నోట నెమెత్సులే. కాబట్టి నెమ్‌త్సోవ్ అన్న పేరులో జర్మనీని చూడటం ఇవాళ్టి నిఘంటువు పట్టుకుని నాటి మనుషుల్ని కొలవడం.

'లిత్విన్' ఇంకా పెద్ద చిక్కు. లిథువేనియా మహా సంస్థానం ఒకప్పుడు బాల్టిక్ నుంచి దాదాపు నల్లసముద్రం దాకా పాకిన రాజ్యం. ఇవాళ్టి బెలారూస్ మొత్తం అందులోదే. ఉక్రెయిన్ పల్లెలకు ఉత్తరం నుంచి వచ్చిన లిత్విన్ చాలాసార్లు బెలారూస్ వైపు స్లావు. అతని భాష వీళ్లకు అర్థమయ్యేదే, బాల్టిక్ లిథువేనియన్ అతనికి ఒక్క ముక్క రాకపోవచ్చు. లిత్విన్, లిత్వినెంకో, లిత్వినోవ్ ఇవన్నీ ఒక రాజ్యం పౌరసత్వం మీద వచ్చిన పేర్లు. 1930 నుంచి 1939 దాకా సోవియట్ విదేశాంగ కమిసార్ (మంత్రి)‌గా ఉన్న మాక్సిం లిత్వినోవ్ సంగతి చూడండి. బియలిస్తోక్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టిన ఆయన అసలు ఇంటిపేరు వాలాఖ్. లిత్వినోవ్ అన్నది పోలీసుల కంట పడకుండా విప్లవకారుడిగా తగిలించుకున్న మారుపేరు. ఈయన ఇంటిపేరు చూసి వంశం చెప్పేవాడు ఏం చెబుతాడు?

'వ్లాఖ్' కూడా ఇదే బాపతు. పోలండులో దాని బంధువైన మాటకు అర్థం ఇటలీవాడు. పాత చెక్‌లోనూ అంతే, కుత్నా హోరా ఊళ్లో వెండి నాణేలు కొట్టడానికి ఫ్లోరెన్స్ నుంచి వచ్చినవాళ్ల పేరు మీదే అక్కడి టంకశాలకు వ్లాష్స్కీ ద్వూర్ అన్న పేరు నిలిచింది. బాల్కన్ కొండల్లోకి వెళితే వ్లాఖ్ అంటే రొమేనియన్‌కు దగ్గరి భాష మాట్లాడేవాడు, లేదా గొర్రెల కాపరి. బోస్నియాలో ముస్లింల నోట ఆర్థడాక్స్ క్రైస్తవుడు. ఫుట్‌బాల్ ఆటగాడు దూషాన్ వ్లాహొవిచ్ పేరులో ఉన్న పూర్వీకుడు వీళ్లలో ఎవరైనా కావచ్చు.

ఇక మొస్కాల్. మాస్కోవాడు అని అర్థం, ఉక్రెయిన్‌లో రష్యన్లను తిట్టడానికి వాడే మాట. కానీ 19వ శతాబ్దపు ఉక్రేనియన్‌లో జార్ సైన్యంలో పనిచేసే సిపాయిని మొస్కాల్ అనేవాళ్లు. పల్లె నుంచి పట్టుకుపోయిన కుర్రాడు 25 ఏళ్లు చాకిరీ చేసి, ఆ కోటుతో, ఆ మాటతీరుతో తిరిగొస్తే, పుట్టిన ఊళ్లోనే అతను మొస్కాల్. నేను పైన చెప్పిన 'సొంత ఊళ్లో ఎవరూ అలా పిలవరు' అన్న సూత్రానికి ఇది ఎదురు ఉదాహరణ. అయితే ఇది ఆ వీడియో వాదనకు ఇంకా పెద్ద దెబ్బ, ఎందుకంటే ఇక్కడ పేరు మోస్తున్నవాడు నూటికి నూరుపాళ్లు ఆ ఊరివాడే. 2014లో లుహాన్స్క్ ప్రాంతంలో రష్యా మద్దతున్న దళాలతో పోరు నడుస్తుండగా, ఉక్రెయిన్ ప్రభుత్వం తరఫున ఆ ప్రాంతానికి గవర్నర్‌గా వెళ్లిన ఆయన పేరు హెన్నాదీ మొస్కాల్. పడమటి ఉక్రెయిన్‌లో చెర్నివ్‌త్సీ వైపు పుట్టిన మనిషి. ఇంటిపేరు విధేయతను చెప్పే పనైతే ఆయన్ని అక్కడికి పంపేవాళ్లే కాదు.

అయిదు వందల నోటు మీద 'జర్మనావిడ'

నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ బోజెనా నెమ్‌త్సొవా. చెక్ 500 కొరూనాల నోటు మీద ఉన్న బొమ్మ ఆవిడది. 19వ శతాబ్దంలో జర్మన్ పెత్తనం కింద నలుగుతున్న చెక్ భాషకు ప్రాణం పోసిన రచయిత్రిగా అక్కడి బడిపిల్లలందరికీ తెలుసు. ఆవిడ ఇంటిపేరుకు అర్థం 'జర్మన్ ఇంటావిడ'.

ఆ పేరు భర్తది. యోజెఫ్ నెమెత్స్ సుంకం శాఖలో ఉద్యోగి, చెక్ జాతీయవాదం తలకెక్కిన మనిషి. 1848 తిరుగుబాట్ల తర్వాత ప్రభుత్వం ఆయన్ని ఊళ్లు తిప్పింది, పోలీసులు ఇద్దరి మీదా నిఘా పెట్టారు. అంటే 'జర్మన్' అన్న ఇంటిపేరు ఉన్నాయన, చెక్ వాడైనందుకే జర్మన్ మాట్లాడే ప్రభుత్వం చేతిలో కష్టాలు పడ్డాడు. మరి ఆవిడలో జర్మన్ ఎక్కడ ఉంది? పుట్టింట్లో ఉంది. తండ్రి యోహాన్ పాంక్ల్ ఆస్ట్రియావాడు, ఒక డచెస్ దగ్గర బగ్గీ తోలేవాడు, ఇంట్లో ఆయన మాట్లాడింది జర్మనే. ఆవిడకు నిజంగా జర్మన్ వారసత్వం ఇచ్చిన 'పాంక్ల్' అన్న ఇంటిపేరులో ఏ జాతి పేరూ లేదు. జాతి పేరు ఉన్న ఇంటిపేరేమో చెక్ దేశభక్తుడిది. తల్లి పుట్టింటి పేరు నొవొత్నా, ఊరికి కొత్తగా వచ్చినవాళ్లని అర్థం. ఎక్కడి నుంచి వచ్చారో కూడా చెప్పని పేరు.

ఆ వీడియో చేసినాయన లెక్కన ఆవిడ 'జర్మనావిడ' అన్నది నిజమే అవుతుంది, కానీ కారణం మొత్తం తప్పు. సరైన జవాబు తప్పు దారిలో దొరికితే ఆ దారి మీద నమ్మకం పెరిగిపోతుంది, నన్ను భయపెట్టేది అదే.

మరి ఏమీ చెప్పవా?

ఇక్కడికి వచ్చేసరికి నాకే ఒక సందేహం. ఇంటిపేర్లు ఏమీ చెప్పకపోతే చరిత్రకారులు వాటిని ఎందుకు పట్టించుకుంటారు?

హొర్వాత్ అంటే క్రొయేషియావాడు. స్లొవాకియాలో ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ఇదే, హంగేరీ పద్ధతిలో హొర్వాథ్ అని రాస్తారు. స్లొవేనియాలో నొవాక్ తర్వాత స్థానం దీనిదే. హంగేరీలోనూ మొదటి వరుసలో ఉంటుంది. ఇది గాలికి వచ్చింది కాదు. 1493లో క్రబవ దగ్గర, 1526లో మొహాచ్ దగ్గర ఒట్టోమన్ తుర్కుల సైన్యాలు గెలిచాక క్రొయేషియా పల్లెలు తట్టాబుట్టా సర్దుకుని ఉత్తరానికి వెళ్లాయి. ఆస్ట్రియాలో బుర్గెన్‌లాండ్ దగ్గర స్థిరపడినవాళ్ల సంతానం ఇవాళ్టికీ క్రొయేషియన్ మాట్లాడుతోంది. ఒక ప్రాంతంలో హొర్వాత్‌లు వేలల్లో ఉంటే అక్కడికి వలస వచ్చిందని చెప్పడం న్యాయమే. ఒప్పుకుంటాను.

కానీ క్రొయేషియాలోనే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు హొర్వాత్. ఇది నన్ను చాలాకాలం వేధించింది. క్రొయేషియాలో ఒకడిని 'క్రొయేషియావాడు' అని ఎందుకు పిలుస్తారు? ఆ పేరు ఎక్కువగా ఉన్న చోట్లు చూస్తే చిక్కు విడిపోతుంది. మెజిమూర్యె, వరజ్దిన్, జాగ్రెబ్ చుట్టుపక్కల, అంటే ఉత్తరాన. మధ్యయుగంలో ఆ నేల పేరు స్లవోనియా. క్రొయేషియా అంటే అప్పట్లో దక్షిణాన సముద్రం వైపు ఉన్న వేరే రాజ్యం. తుర్కులకు భయపడి దక్షిణం నుంచి వచ్చినవాళ్లను ఉత్తరాదివాళ్లు హొర్వాత్‌లు అన్నారు. తర్వాత సరిహద్దులు మారి రెండూ ఒకే క్రొయేషియా అయ్యాయి. ఒకప్పుడు పరాయివాడని పెట్టిన పేరు ఇవాళ ఆ దేశపు అచ్చమైన పేరు. మనవైపు ద్రావిడ అన్న ఇంటిపేరున్న కుటుంబాలు ఎన్నడో అరవదేశం నుంచి వచ్చి తెలుగులో కలిసిపోయాయి, వాళ్లని ఎవరూ ఇవాళ తమిళులని అనరు.

గుంపు గురించి పేరు చెప్పేది ఒక్కో మనిషి దగ్గరికి వచ్చేసరికి చెల్లదు. మా టీంలో స్లొవాకియా నుంచి పనిచేసే ఒకావిడ ఇంటిపేరు హొర్వాథొవా. హైదరాబాద్‌లో కొత్తగా చేరిన కుర్రాడు కాల్ మొదట్లో, మర్యాదకే, మీది క్రొయేషియానా అని అడిగాడు. ఆవిడ కాదంది. కాసేపటికి ఆవిడే చెప్పింది, తమ దేశంలో ఆ పేరు వింటే ఎవరికీ క్రొయేషియా గుర్తుకురాదట. చాలామంది రోమా, అంటే జిప్సీ, కుటుంబాలకు అదే ఇంటిపేరు కావడంతో, అద్దె ఇంటి కోసం ఫోన్ చేసి పేరు చెప్పగానే అవతలి గొంతు మారుతుందట. తను రోమా కాదని సంజాయిషీ చెప్పుకోవాలనిపించడమే తనకు సిగ్గుగా ఉంటుందని, అందుకే చెప్పడం మానేశానని అంది. ఆ రోజు మీటింగ్ పావుగంట ఆలస్యంగా మొదలైంది, ఎవరం ఏమీ అనుకోలేదు. 16వ శతాబ్దంలో ఒక వలసకు గుర్తుగా వచ్చిన పేరు, 21వ శతాబ్దంలో వేరే జాతి మీద ఉన్న అనుమానాన్ని మోస్తోంది. పేరు మారలేదు, చదివేవాళ్లు మారారు.

ఇంకో సంగతి చెప్పి ముందుకు వెళ్తాను. జాతి పేర్లలా కనబడి కానివి కూడా ఉన్నాయి. రూసోవ్ అన్న పేరుకు రష్యాతో సంబంధం ఉండనక్కర్లేదు, 'రూసి' అంటే లేత గోధుమరంగు జుట్టు. పొల్యాన్స్కీకి మూలం పోలండు కాదు, చెట్లు లేని మైదానం. జిద్కోవ్‌ను యూదుల పేరనుకుని వెంటపడినవాళ్లు ఉన్నారు, అది 'పల్చని' అనే మాట నుంచి వచ్చింది.

ప్రభుత్వమే ఈ లెక్క నమ్మితే

యూట్యూబ్‌లో ఎవరో అన్న మాటకు ఇంత వ్యాసమా అని ఒక మిత్రుడు అడిగాడు. ఎందుకంటే పేరంటే జాతే అని ఒక ప్రభుత్వం నిజంగా నమ్మితే ఏం జరుగుతుందో యూరప్ మన జీవితకాలంలోనే చూసింది.

బల్గేరియాలో 1984-85 చలికాలంలో తుర్కు పౌరుల పేర్లన్నీ బలవంతంగా స్లావిక్ పేర్లుగా మార్చారు. ఊళ్ల చుట్టూ పోలీసులు, సైన్యం. మనుషుల్ని ఆఫీసుకు పిలిచి కొత్త పేర్ల జాబితాలోంచి ఒకటి ఎంచుకోమన్నారు. దానికి వాళ్లు పెట్టిన పేరు 'పునరుజ్జీవన ప్రక్రియ'. వీళ్లు అసలు తుర్కులే కాదు, ఒకప్పుడు బలవంతాన మతం మారిన బల్గేరియన్లు, అసలు పేర్లు తిరిగి ఇస్తున్నాం అన్నది వాదన. పేరు పట్టుకుని రక్తం తేల్చడం, రక్తం పేరు చెప్పి పేరు మార్చడం, రెండూ ఒకే ఆలోచన.

వాళ్లలో నయీం సులెయ్‌మానోవ్ అనే వెయిట్‌లిఫ్టర్ ఉన్నాడు. అప్పటికే ప్రపంచ రికార్డులు అతనివి. అతని పేరు నవూం షలమానోవ్ అయింది. ఆ సులెయ్‌మానోవ్ అన్నదాన్నే చూడండి, తుర్కు పేరుకు స్లావిక్ తోక. అది కూడా సరిపోలేదు వాళ్లకు. 1986 డిసెంబర్‌లో మెల్‌బోర్న్ పోటీలకు వెళ్లినవాడు అక్కడి నుంచే తప్పించుకుని తుర్కీ చేరాడు, పేరు సులెయ్‌మాన్ఓలు చేసుకున్నాడు. 1988 సోల్ ఒలింపిక్స్‌లో 60 కిలోల విభాగంలో స్నాచ్‌లో 152.5, క్లీన్ అండ్ జెర్క్‌లో 190, మొత్తం 342.5 కిలోలు ఎత్తి తుర్కీకి స్వర్ణం తెచ్చాడు. ఆ మరుసటి వేసవిలో 3 లక్షలకు పైగా తుర్కులు బల్గేరియా వదిలి సరిహద్దు దాటారు.

1989 నవంబర్‌లో బల్గేరియా కమ్యూనిస్టు పాలకుడు జివ్‌కోవ్ పడిపోయాడు, 1990లో పాత పేర్లు తిరిగి తీసుకునే చట్టం వచ్చింది. 2012లో బల్గేరియా పార్లమెంటు ఆ పని మొత్తాన్ని ఖండించింది. చాలామంది పాత పేర్లకు వెళ్లారు. కొందరు ఉద్యోగాల కోసమో, పిల్లల బడి కాగితాల కోసమో బల్గేరియన్ పేరు ఉంచేసుకున్నారు. వందేళ్ల తర్వాత ఎవరైనా ఆ పేర్లు చదివి వీళ్లు మొదటి నుంచీ స్లావులేనని తేల్చేస్తే, ఆ తీర్పు వంశవృక్షం చూసి ఇచ్చింది కాదు, 1985 జనవరిలో తుపాకీ పక్కన పెట్టుకుని కూర్చున్న గుమస్తా రాసింది.